ఫేడర్ ఒకటా, ఎనిమిదా?

రికార్డింగ్ గది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్లు మౌస్‌తో మిక్సింగ్ చేసి చేసి అలసిపోయి, కంట్రోల్ సర్ఫేస్ కొనాలనుకుంటున్నారు. అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను చేత్తో నడిపించే పెట్టె. దాని మీద ఫేడర్లు, అంటే పైకీ కిందికీ జరిపి లెవెల్ మార్చే మీటలు ఉంటాయి. ఏది కొనాలి, అసలు కొనాలా వద్దా అని అడుగుతున్నారు. అందుకే ఈసారి మైకుల ప్రశ్నలు పక్కన పెట్టి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మిర్యాలగూడలో మా మేడ మీది గదిలో జానపద పాటలు, బతుకమ్మ పాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతుంటాను. లాప్‌టాప్, రెండు మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్, రీపర్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. ఒక్కో పాటకు ఇరవై, ముప్పై ట్రాకులవుతున్నాయి. గొంతు ఒకచోట పైకి లేస్తుంది, ఒకచోట వినిపించదు. మౌస్‌తో వాల్యూమ్ గీతలు సరిచేయడానికి రాత్రులకు రాత్రులు పడుతున్నాయి. పెత్రమాస లోపు ఇవ్వాల్సిన పాటలుంటే ఒకటే టెన్షన్. హైదరాబాద్‌లో ఒక షాపులో అడిగితే ‘ఎనిమిది ఫేడర్లది తీసుకోండి, లేదంటే డిజిటల్ మిక్సరే కొనండి, అన్నీ దాంట్లోనే ఉంటాయి’ అన్నారు. మా స్నేహితుడేమో ఒక్క ఫేడర్‌ది చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి సార్?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ స్నేహితుడి మాట వినండి. మీరు చేస్తున్న పనికి మంచి మోటారు ఫేడర్ ఒక్కటి చాలు. వేలు తాకగానే గుర్తుపట్టే రకం కావాలి, అంతే. ఎనిమిది ఎందుకు అక్కర్లేదో చెప్పేముందు ఆ డిజిటల్ మిక్సర్ సంగతి తేల్చేద్దాం.

మిక్సర్ లోపలికి సౌండ్ వెళ్తుంది. మైకు వైరు అందులో పెడతాం, స్పీకర్‌కు వైరు అందులోంచి తీస్తాం. కంట్రోల్ సర్ఫేస్‌కు సౌండ్‌తో సంబంధమే లేదు. దాని యూఎస్‌బీ వైరులో వెళ్లేవి ‘మూడో ట్రాకు ఫేడర్ ఇంత జరిగింది’, ‘ప్లే నొక్కారు’ లాంటి మిడి సందేశాలు (సంగీత పరికరాలు ఒకదానికొకటి ఇచ్చుకునే ఆదేశాలు) మాత్రమే. సౌండ్ అంతా మీ లాప్‌టాప్‌లో, ఇంటర్‌ఫేస్‌లోనే ఉంటుంది. బెరింజర్ ఎక్స్32 లాంటి డిజిటల్ మిక్సర్లు కంట్రోల్ సర్ఫేస్‌గా కూడా పనిచేస్తాయన్నది నిజమే. కానీ దానికి 32 మైక్ ఇన్‌పుట్లు ఉంటాయి. మీ గదిలో ఒకసారికి రెండు మైకులు దాటనప్పుడు మిగతా 30 ఇన్‌పుట్లకు డబ్బెందుకు కట్టాలి? చెరువుగట్టు జాతరకో, పెద్దగట్టుకో స్టేజీ సౌండ్ తీసుకెళ్లే పని కూడా మీకుంటే మళ్లీ రాయండి, అది వేరే లెక్క.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరం మొత్తంలో నా దృష్టి ఆగింది ఒకే మాట దగ్గర: గొంతు ఒకచోట పైకి లేస్తుంది, ఒకచోట వినిపించదు. జానపదం రికార్డు చేసే అందరిదీ ఇదే బాధ. శిక్షణ ఉన్న గాయని మైకుకు ఎంత దూరంలో ఉండాలో చూసుకుని పాడుతుంది. బతుకమ్మ పాట చెప్పే ఆమెకు ఆ అలవాటు ఉండదు. ఆడుతూ, చప్పట్లు కొడుతూ, చుట్టూ ఉన్న అందరికీ వినపడేలా పాడటమే ఆమెకు తెలిసిన పద్ధతి. లైను గట్టిగా ఎత్తుకుంటుంది, చివరికొచ్చేసరికి ఊపిరి తగ్గి పదం లోపలికి పోతుంది. సరిగ్గా అక్కడే వెనకవాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. కథను ముందుకు నడిపే పదం ఆ గుంపు గొంతులో కలిసిపోతుంది. ఒగ్గుకథలో డోలు, తాళాల కింద మాట పోవడం, పాలమూరు వైపు కిన్నెర పాటల్లో గొంతు కింద తీగ చప్పుడు పోవడం కూడా ఇలాంటివే.

చాలామంది దీనికి గట్టి కంప్రెసర్ ఒకటి వేసి ఊరుకుంటారు. కంప్రెసర్ ఎత్తుగా ఉన్నచోట్లను నొక్కుతుంది. తర్వాత మనం మొత్తం లెవెల్ పెంచుతాం కాబట్టి ఊపిరి చప్పుడు, ఫ్యాన్ మోత, పక్కింటి కుక్కర్ విజిల్ కూడా పైకి వస్తాయి. పైగా ఆమె గొంతు ఎందుకు పెంచిందో దానికి తెలియదు. అత్తగారింటికి పోయే బిడ్డ గురించి పాడుతూ తల్లి గొంతెత్తిన చోటును కూడా, నోరు మైకుకు దగ్గరగా వచ్చిన చోటును కూడా ఒకేలా నొక్కేస్తుంది. మొదటిది పాటకు ప్రాణం, రెండోది సరిచేయాల్సిన లోపం. ఆ తేడా తెలిసింది మీ చెవికే. కంప్రెసర్ వాడొద్దని కాదు, గొంతు దాని దగ్గరికి వెళ్లేలోపే మీరు చేత్తో సమం చేయాలి. స్టూడియోల్లో దీన్నే రైడింగ్ అంటారు. కంట్రోల్ సర్ఫేస్ మీద పెట్టే డబ్బుకు నేను ఒప్పుకునే పెద్ద కారణం ఇదే.

మౌస్‌తో రైడింగ్ చేయలేమా? చేయొచ్చు, మీరు చేస్తున్నారు కూడా. కాకపోతే అక్కడ కళ్లు ముందు నడుస్తాయి. తెర మీద అల పెద్దగా కనిపిస్తే తగ్గించేస్తాం, చిన్నగా కనిపిస్తే పెంచేస్తాం, పాట వినడం మానేస్తాం. ఫేడర్ మీద వేలు పెట్టి కళ్లు మూసుకుంటే వినక తప్పదు.

మోటారు ఎందుకంటే, మీరు నిన్న చేసిన కదలికలను ఫేడర్ ఈరోజు తనంతట తాను చేసి చూపిస్తుంది. పాట నడుస్తుంటే అది కూడా లేస్తూ దిగుతూ ఉంటుంది. ఒకచోట నచ్చలేదనుకోండి, అక్కడ వేలు పెట్టి మార్చి వదిలేస్తే మళ్లీ పాత దారిలో పడుతుంది. వేలు ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీశారో తెలియాలంటే ఫేడర్‌కు టచ్ ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో ఈ పద్ధతి పేరు కూడా టచ్ మోడే. లాచ్ మోడ్‌లో వేలు తీసినా చివర వదిలిన లెవెల్‌లోనే ఉండిపోతుంది. రీడ్ మోడ్ ఉన్నది వినిపించడానికి. రైట్ మోడ్‌తో మాత్రం జాగ్రత్త, ప్లే నొక్కిన దగ్గర్నుంచి పాత కదలికలన్నిటినీ చెరిపి కొత్తవి రాసుకుంటూ పోతుంది. మీ పనికి రోజూ కావాల్సింది టచ్ మోడ్.

పని ఇలా మొదలుపెట్టండి. ముందు గొంతు ట్రాకును ఒక ఫోల్డర్ ట్రాకు (వేరే ట్రాకులను తన లోపల పట్టుకునే ట్రాకు) లోపల పెట్టి, కంప్రెసర్‌ను ఫోల్డర్ మీద వేయండి. కంప్రెసర్ గొంతు ట్రాకు మీదే ఉంటే మీ ఫేడర్ దాని తర్వాత వస్తుంది, అంటే నొక్కేసిన గొంతును రైడ్ చేస్తున్నట్టు. ఫోల్డర్ మీద ఉంటే మీరు సమం చేసిన గొంతు కంప్రెసర్‌లోకి వెళ్తుంది, అప్పుడు దానికి పని తగ్గుతుంది, గొంతు నలగదు. తర్వాత మిగతా వాయిద్యాలను సుమారుగా సర్ది, వాటిని మళ్లీ ముట్టుకోకుండా పాట మొత్తం వినండి. మాటలు కాగితం మీద రాసుకుని, ఎక్కడ పదం పోతోందో పెన్సిల్‌తో గీత పెట్టండి. ఆ తర్వాతే ఫేడర్ మీద వేలు పెట్టండి. లైను చివర్లో 2 నుంచి 4 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) లేపితే చాలావరకు పదం బయటికి వస్తుంది. అంతకన్నా ఎక్కువ కావాల్సి వస్తే ఫేడర్ పని కాదు, ఆ ముక్క సొంత లెవెల్ (క్లిప్ గెయిన్) పెంచండి.

ఇంకో సంగతి. చెవికి వినపడ్డాక వేలు కదలడానికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. అందుకే రైడింగ్ అయ్యాక ఆ కదలికలన్నీ కాస్త ఆలస్యంగా పడతాయి. మొత్తం ఎన్వెలప్‌ను, అంటే ఆ వాల్యూమ్ గీతను పట్టుకుని కొద్దిగా ముందుకు, అంటే ఎడమకు జరపండి. పదం మొదటి అక్షరం కూడా స్పష్టంగా వస్తుంది. పాట బాగా తెలిసిపోయాక వేలే ముందుగా కదులుతుంది, అప్పుడు జరపాల్సిన పని కూడా తగ్గుతుంది.

ఇదంతా ఒక్క గొంతు మీద ఒక్క వేలితో చేసే పని. ఒంటరిగా కూర్చుని మిక్స్ చేసేవాళ్లు ఎనిమిది ఫేడర్లున్నా మనసు పెట్టి కదిలించేది ఒకసారికి ఒక్కదాన్నే. గుంపు గొంతుల రైడింగ్ తర్వాతి విడతలో, డప్పుది ఆ తర్వాత. ఎనిమిది కావాల్సినవాళ్లూ ఉన్నారు. పూర్తి బ్యాండును ఒకేసారి రికార్డు చేసి అన్నిటినీ కలిపి బ్యాలెన్స్ చేసేవాళ్లకు, రోజూ రెండు మూడు పాటలు మిక్స్ చేసి ఇవ్వాల్సిన వృత్తివాళ్లకు అది వేగాన్నిస్తుంది. మీ ఇరవై, ముప్పై ట్రాకులకు మాత్రం మందు వేరే ఉంది. ప్రధాన గొంతు, గుంపు, తాళవాద్యాలు, మిగతా సంగీతం అని నాలుగు ఫోల్డర్లు చేసి ప్రాజెక్టులో అన్నిటికన్నా పైన పెట్టండి. ఫేడర్ ఒక్కటే ఉన్నా నాలుగు విడతల్లో పాట అంతా చేతికి అందుతుంది.

టేబుల్ కూడా చూసుకోండి. ఎనిమిది ఫేడర్ల సర్ఫేస్ కీబోర్డు కన్నా లోతు ఎక్కువ. మన ఇళ్లలో ఉండే కంప్యూటర్ టేబుల్ మీద దాన్ని పెడితే కీబోర్డు పక్కకు, తెర వెనక్కి, స్పీకర్లు మూలకు పోతాయి. స్పీకర్లు సరైన చోట లేకపోతే మీరు వినేదే తప్పుగా వినిపిస్తుంది. ఒక్క ఫేడర్‌ది మౌస్‌కు అవతలి వైపు, ఎడమ చేతి కింద ఇమిడిపోతుంది.

ఇక భాష సంగతి. ఏ సర్ఫేస్ అయినా మీ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడగలగాలి, బాక్సు మీద అన్నిటికన్నా ముందు వెతకాల్సింది ఇదే. 1990ల చివర్లో మాకీ కంపెనీ డిజిడిజైన్ కంపెనీతో కలిసి దాని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ప్రో టూల్స్ కోసం హూయీ అనే పద్ధతి తెచ్చింది. తర్వాత ఇమాజిక్ కంపెనీతో కలిసి లాజిక్ సాఫ్ట్‌వేర్ కోసం చేసింది మాకీ కంట్రోల్‌గా అందరికీ చేరింది. ఆ ఇమాజిక్‌నే 2002లో ఆపిల్ కొనేసింది. ఈరోజు లాజిక్, క్యూబేస్, రీపర్, స్టూడియో వన్, ఏబుల్టన్ లైవ్ సాఫ్ట్‌వేర్లన్నిటికీ మాకీ కంట్రోల్ వచ్చు. ప్రో టూల్స్ మాత్రం హూయీతోనూ, దాన్ని ఇప్పుడు తయారుచేస్తున్న అవిడ్ కంపెనీ సొంత పద్ధతి యూకాన్‌తోనూ నడుస్తుంది. మాకీ పద్ధతిలో ఒక పెట్టెకు ఎనిమిది ఛానళ్లు, ఒక మాస్టర్. మిగతా ట్రాకులకు బ్యాంక్ బటన్ నొక్కుతూ పోవాలి. మార్కెట్లో ఎక్కడ చూసినా ఎనిమిదే కనిపించడానికి కారణం కూడా ఇదే.

మీకు నేను చెప్పేవి రెండు: ప్రీసోనస్ ఫేడర్‌పోర్ట్, బెరింజర్ ఎక్స్-టచ్ వన్. రెండిటికీ 100 మిల్లీమీటర్ల మోటారు ఫేడర్, టచ్, మాకీ కంట్రోల్, హూయీ ఉన్నాయి. ఎక్స్-టచ్ వన్‌కు ట్రాకు పేరు చూపించే చిన్న తెర, తిప్పే జాగ్ వీల్ అదనం. ఫేడర్‌పోర్ట్‌కు తెర లేదు, కానీ స్టూడియో వన్ వాడేవాళ్లకు అది పెట్టగానే కుదిరిపోతుంది. మీది రీపర్ కాబట్టి, పేరు కనిపించడం పెద్ద సౌకర్యం కాబట్టి, నా ఓటు ఎక్స్-టచ్ వన్‌కు. అదే కంపెనీ ఎక్స్-టచ్ కాంపాక్ట్‌లో తొమ్మిది మోటారు ఫేడర్లున్నాయి కానీ ట్రాకు పేర్లు చూపించే తెరలు లేవు. ముప్పై ట్రాకుల్లో ఏ ఫేడర్ ఏదో గుర్తుంచుకోవాలి. మీకది వద్దు. ఎస్‌ఎస్‌ఎల్ యూఎఫ్8, అవిడ్ ఎస్1 చాలా మంచివి, కానీ అవి మిక్సింగ్ మీదే బతికే స్టూడియోల బడ్జెట్.

రీపర్‌లో పెట్టేటప్పుడు ప్రిఫరెన్సెస్‌లో కంట్రోల్ సర్ఫేస్‌గా మాకీ కంట్రోల్ యూనివర్సల్ ఎంచుకుని, మిడి ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ ఇవ్వండి. ఇన్‌పుట్ ఒక్కటే ఇస్తే మీరు కదిలిస్తే సాఫ్ట్‌వేర్ వింటుంది, కానీ సాఫ్ట్‌వేర్ చెప్పేది ఫేడర్‌కు చేరదు, మోటారు కదలదు. మోటారు పాడైందని వెనక్కి పంపేముందు ఇది చూసుకోవాలి. కొన్నాళ్లు వాడాక ఇంకా పట్టు కావాలనిపిస్తే సీఎస్ఐ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ ఉంది, ఏ బటన్ ఏం చేయాలో మీరే రాసుకోవచ్చు. మొదటి రోజే దాని జోలికి వెళ్లకండి. గొంతు ట్రాకు ఉన్న ఫోల్డర్‌ను అన్నిటికన్నా పైన ఉంచుకుంటే మామూలు సెట్టింగ్‌తోనే పని నడుస్తుంది.

ప్రశ్న: కంట్రోల్ సర్ఫేస్ కొంటే నా కవర్ సాంగ్స్ సౌండ్ ప్రొఫెషనల్‌గా వస్తుందా? కరోకే ట్రాక్ మీద పాడుతుంటాను.
– డిగ్రీ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: రాదమ్మా. మీవి రెండే ట్రాకులు, మౌస్ చాలు. ఆ డబ్బుతో మంచి క్లోజ్డ్ హెడ్‌ఫోన్లు తీసుకోండి. పాడేటప్పుడు మీ వెనక, పక్కన మందపాటి దుప్పట్లు గానీ, బొంతలు గానీ వేలాడదీయండి. వట్టి గోడల గదికీ దానికీ తేడా మీరే వింటారు. సొంతంగా ఐదారు ట్రాకులు పాడి హార్మొనీలు కలపడం మొదలయ్యాక ఫేడర్ గురించి ఆలోచిద్దాం.

ప్రశ్న: తక్కువ ధరలో వచ్చిందని కోర్గ్ నానోకంట్రోల్2 కొన్నాను. ఫేడర్ ముట్టుకోగానే వాల్యూమ్ ఒక్కసారిగా ఎక్కడికో దూకుతోంది. పరికరంలో లోపమా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: లోపం కాదు, మోటారు లేని ఫేడర్ స్వభావమే అంత. తెర మీద ఫేడర్ సున్నా డీబీ దగ్గర ఉంది, మీ చేతి కింది ఫేడర్ అడుగున ఉంది. మీరు కదిలించగానే సాఫ్ట్‌వేర్ కింది లెక్క తీసుకుంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో దీనికి పికప్ అనో, టేకోవర్ అనో ఒక సెట్టింగ్ ఉంటుంది. అది పెడితే మీ ఫేడర్ తెర మీది స్థానాన్ని దాటేవరకు ఏమీ కదలదు, దాటాక పట్టుకుంటుంది. ఇంకొకటి, నానోకంట్రోల్2ను యూఎస్‌బీలో పెట్టేటప్పుడు ఏ బటన్లు నొక్కి పట్టుకుంటారో దాన్నిబట్టి ఏ సాఫ్ట్‌వేర్ కోసం పనిచేయాలన్నది మారుతుంది. మీ సాఫ్ట్‌వేర్‌కు ఏ బటన్లు నొక్కాలో మాన్యువల్‌లో చూసి మళ్లీ పెట్టండి.

దాన్ని పారేయకండి. ప్లే, స్టాప్, రికార్డు బటన్లకు, సోలో, మ్యూట్‌లకు, సింథ్ ఫిల్టర్ తిప్పడానికి చక్కగా పనికొస్తుంది, సంచిలో పట్టేస్తుంది. గొంతు రైడింగ్‌కు మాత్రం చాలదు. మామూలు మిడి కంట్రోల్ సందేశంలో 0 నుంచి 127 దాకా 128 మెట్లే ఉంటాయి, అదీ పొట్టి ఫేడర్ మీద. మాకీ కంట్రోల్ ఫేడర్ పిచ్ బెండ్ సందేశంతో వెళ్తుంది, సాధారణంగా 1024 మెట్లు దొరుకుతాయి. అర డీబీ, ఒక డీబీ పనిలో ఆ తేడా వేలికి తెలుస్తుంది.

ప్రశ్న: హార్మోనియం వాయిస్తూ నేనొక్కడినే పాడి రికార్డు చేసుకుంటాను. ప్రతి టేకుకూ లేచి వచ్చి కంప్యూటర్ నొక్కి, మళ్లీ పోయి కూర్చోవాలి. వయసు 61. ఇంట్లో ఉన్న టాబ్లెట్‌తో పని జరుగుతుందా, లేక సర్ఫేస్ కొనాలా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, జడ్చర్ల

జవాబు: కొనక్కర్లేదు మాస్టారూ, టాబ్లెటే చాలు. మీరు రీపర్ వాడుతుంటే అందులోనే వెబ్ కంట్రోల్ ఉంది. ప్రిఫరెన్సెస్‌లో దాన్ని ఆన్ చేస్తే ఒక అడ్రస్ ఇస్తుంది, టాబ్లెట్ బ్రౌజర్‌లో అది కొడితే ప్లే, రికార్డు బటన్లు వస్తాయి. లాజిక్ వాడేవారికి ఐప్యాడ్‌లో లాజిక్ రిమోట్ ఉచితం. టచ్ ఓఎస్‌సీ అనే యాప్ చాలా సాఫ్ట్‌వేర్లతో పనిచేస్తుంది. కంప్యూటర్, టాబ్లెట్ రెండూ ఒకే వైఫైలో ఉంటే సరిపోతుంది, ఫోన్ హాట్‌స్పాట్ అయినా పరవాలేదు. టాబ్లెట్‌ను నోటిఫికేషన్లు మోగకుండా పెట్టి హార్మోనియం పక్కనే ఉంచుకోండి.

ఇంకా సులువైనది, వైర్‌లెస్ నంబర్ కీప్యాడ్ ఒకటి తెచ్చుకోండి. ఒక అంకెకు రికార్డు, ఒకదానికి స్టాప్, ఒకదానికి ‘ఆ టేకు చెరిపి మొదటికి వెళ్లు’ అని కేటాయించుకోవచ్చు. కళ్లద్దాలు వెతుక్కోకుండా వేలితో తడిమి నొక్కేయొచ్చు. టాబ్లెట్ అద్దం మీద ఆ వీలు లేదు, రైడింగ్‌కు కూడా అందుకే దాన్ని చెప్పను. వేలు ఎక్కడుందో చూడకుండా తెలియదు, వైఫై ఒక్క క్షణం ఆగినా కదలిక మెట్లుమెట్లుగా పడుతుంది.

ప్రశ్న: ఎనిమిది మోటారు ఫేడర్ల సర్ఫేస్ వాడుతున్నాను. రెండు ఫేడర్లు వాటంతట అవే వణుకుతున్నాయి. పైగా ఒకే గది కావడంతో రికార్డింగ్‌లో టకటక చప్పుడు వస్తోంది. ఏదైనా స్ప్రే కొట్టమంటారా?
– ఒక పాఠకురాలు, కోదాడ

జవాబు: స్ప్రే ముందు కొట్టకండి. మామూలు నూనె స్ప్రేలు ఫేడర్ లోపలి ట్రాక్‌కు హాని చేస్తాయి, దుమ్మును ఇంకా పట్టి ఉంచుతాయి. మొదట సాఫ్ట్‌వేర్ మూసేసి సర్ఫేస్ మాత్రమే ఆన్ చేసి చూడండి. వణుకు ఆగిపోతే లోపం సెట్టింగ్‌లో ఉంది. అదే మిడి పోర్టును రెండు చోట్ల ఎంచుకుని ఉంటారు, ఇద్దరు యజమానులు చెరోవైపు లాగుతుంటే ఫేడర్ మధ్యలో కొట్టుకుంటుంది. ఒకటి తీసేయండి.

సాఫ్ట్‌వేర్ లేకపోయినా వణుకుతుంటే కరెంటు వైపు చూడండి. వేలి స్పర్శను ఫేడర్ విద్యుత్ తేడాతోనే గుర్తుపడుతుంది. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే ఎవరూ తాకకుండానే తాకినట్టు అనుకోవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో ఆ ప్లగ్ పాయింట్ ఎర్త్ చూపించండి. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల జంక్షన్ బాక్సులో పెట్టి ఉంటే ముందు దాన్ని తీసేయండి. కంప్యూటర్ యూపీఎస్ మీద ఉండి సర్ఫేస్ గోడ ప్లగ్‌లో ఉంటే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రెండిటికీ సంబంధం తెగుతుంది, రెండిటినీ యూపీఎస్ మీదే పెట్టండి. ఇవేవీ కాకపోతే దుమ్మే. మెత్తటి బ్రష్, గాలి కొట్టే బల్బు వాడండి. అప్పటికీ తగ్గకపోతే ఫేడర్ల కోసమే తయారుచేసిన క్లీనర్ తీసుకుని, వారంటీ ఉంటే సర్వీసువాళ్లను అడిగాకే వాడండి. పని లేనప్పుడు మందపాటి గుడ్డ కప్పండి, ఎండాకాలం గాలి దుమ్ముకు ఫేడర్ సందులు ముందు బలవుతాయి.

చప్పుడు సంగతికొస్తే, మోటారు ఫేడర్ కదిలితే టకటక రాక తప్పదు. గొంతు రికార్డు చేసేటప్పుడు మిగతా ట్రాకుల ఆటోమేషన్ కదలికలు ఆపేయండి. లేదంటే సర్ఫేస్ స్విచ్ ఆఫ్ చేసి మౌస్‌తో రికార్డు నొక్కండి. సర్ఫేస్ అవసరం మిక్సింగ్‌లోనే.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒకాయన పాత కంట్రోల్ సర్ఫేస్ అమ్ముతున్నారు. కొనొచ్చా? ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: కొనొచ్చు, కానీ మీ లాప్‌టాప్ వెంట తీసుకెళ్లి, మీ సాఫ్ట్‌వేర్‌తోనే పెట్టి చూశాక డబ్బు ఇవ్వండి. మొదట వెనక ఉన్న సాకెట్ చూడండి. ఎం-ఆడియో ప్రాజెక్ట్‌మిక్స్, టాస్కామ్ ఎఫ్‌డబ్ల్యూ-1884, డిజిడిజైన్ 003 లాంటివి ఫైర్‌వైర్‌తో నడుస్తాయి. ఇప్పటి లాప్‌టాప్‌లకు ఆ సాకెట్ లేదు, ఎంత చవకైనా వద్దు. బెరింజర్ బీసీఎఫ్2000 యూఎస్‌బీతో నడుస్తుంది, మాకీ కంట్రోల్‌గానూ పనిచేస్తుంది, ఇప్పటికీ చాలామంది దగ్గరుంది. కానీ దాని మోటారు ఫేడర్లకు టచ్ లేదు. పైన చెప్పిన రైడింగ్ దానితో హాయిగా సాగదు, వేలు పెట్టినచోట మోటారు ఎదురు తిరుగుతుంది. ధర బాగా తక్కువైతే గ్రూపుల బ్యాలెన్స్ కోసం తీసుకోవచ్చు.

ఆన్ చేసినప్పుడు ఫేడర్లన్నీ పైకి, కిందికి తిరిగి వస్తాయా, ఏదైనా మధ్యలో ఆగిపోతోందా చూడండి. తర్వాత పాట పెట్టి ఒక్కో ఫేడర్‌తో టచ్ మోడ్‌లో చిన్న కదలిక రికార్డు చేసి, మళ్లీ నడిపి, అదే దారిలో వెళ్తోందా చూడండి. తెరలుంటే అన్ని అక్షరాలూ కనిపిస్తున్నాయా, ప్రతి నాబ్ తిప్పితే తెర మీద ఒకే దిక్కుకు కదులుతోందా చూడాలి. అడాప్టర్ దానితో వచ్చినదేనా అడగండి, వేరేదైతే వోల్టేజీ, ప్లస్ మైనస్ దిక్కు పరికరం వెనక రాసినదానితో సరిపోవాలి. కొన్నాక గద్వాలకు బస్సులో తెచ్చుకునేటప్పుడు ఫేడర్లను పూర్తిగా కిందికి దించి, పైన థర్మాకోల్ పెట్టి కట్టి, ఒళ్లో పెట్టుకోండి. డిక్కీలో వేస్తే పైన పడే సామాను బరువుకు ఫేడర్ కాడలు వంగిపోతాయి.